మూడో ఉత్తరం ఎవరెవరికి వెళ్లింది

ఆ రోజు మా అమ్మాయి బడి ఆఫీసు బయట నన్ను నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. గడియారం నా ఎదురుగానే ఉంది కాబట్టి ఉజ్జాయింపుగా చెప్పడం లేదు. మంచినీళ్ల మిషన్ పక్కన చిన్నపిల్లల కోసం వేసిన పొట్టి కుర్చీ అది. కూర్చుంటే మోకాళ్లు ఛాతీ దాకా వచ్చాయి. నా తర్వాత వచ్చిన ఇద్దరు తండ్రులను నాకంటే ముందు లోపలికి పిలిచారు. వాళ్ల మెడల్లో పెద్ద కంపెనీల బిళ్లలు వేలాడుతున్నాయి. నా మెడలోనూ బిళ్ల ఉంది, కాకపోతే అది చిన్న కంపెనీది.

నేను మస్కట్ వచ్చి పదిహేడేళ్లు దాటింది. అజైబాలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఆఫీసులో డాక్యుమెంట్ కంట్రోలర్‌గా పనిచేస్తున్నాను. సైట్‌కు వెళ్లే ప్రతి డ్రాయింగూ, కన్సల్టెంట్‌కు వెళ్లే ప్రతి ఉత్తరమూ నా చేతి మీదుగా పోవాలి. దానికి నంబరు వేయాలి, తేదీ వేయాలి, ఎవరెవరికి కాపీలు వెళ్లాయో అడుగున రాయాలి. కాపీలు వెళ్లని ఉత్తరం మా పనిలో రాయని ఉత్తరం కిందే లెక్క. రేపు గోడ బీటలు వారితే నాకు తెలియదని ఎవరూ తప్పించుకోకుండా చూడటానికే నాకు జీతం ఇస్తున్నారు.

మా ఇల్లు వాడి కబీర్‌లో. నా భార్య ఒక ప్రైవేటు బడిలో, చిన్నపిల్లల సెక్షన్‌లో టీచరుకు సహాయంగా ఉండేది. ఆ బడిలో కెనడా సిలబస్ నడుస్తుంది. ఆమె అక్కడ పనిచేస్తున్నందువల్ల మా అమ్మాయికి సీటు దొరికింది. లేకపోతే మాలాంటి వాళ్లం ఆ గేటు ముందు బండి ఆపడానికి కూడా సందేహించేవాళ్లం. ఈ సంగతిని అక్కడివాళ్లు ఏడేళ్లలో ఎన్నిసార్లు, ఏయే మాటలతో గుర్తుచేశారో నాకు వరసగా తెలుసు. మరిచిపోవాలని నేను ఎప్పుడూ అనుకోలేదు.

పదో తరగతిలో వాళ్లకు సగం ఏడాది పౌరశాస్త్రం ఉంటుంది. లెక్కలు నాకు రావు, సైన్సు మరిచిపోయాను. అందుకని ఇంట్లో ఆ ఒక్క సబ్జెక్టు నాకు వదిలేశారు. జగిత్యాల మూలాలున్న పిల్ల మస్కట్‌లో కూర్చుని, ఎన్నడూ చూడని దేశపు పార్లమెంటు గురించి చదువుతుంటే మొదట్లో నవ్వొచ్చింది. పుస్తకం తిరగేసే కొద్దీ ఆ నవ్వు పోయింది. ఎవరు ఏ కాగితం ఎవరికి పంపాలి, ఎవరు చూశాక అది చెల్లుతుంది అనేదే ఆ పుస్తకం నిండా ఉంది. అది నాకు తెలిసిన ప్రపంచం.

బిల్లును మొదట సభలో పెడతారు. రెండోసారి దాని మీద వాదించుకుంటారు. కమిటీ ఒక్కొక్క మాట పట్టి చూస్తుంది. మూడోసారి ఓటు వేస్తారు. తర్వాత సెనేట్ అనే రెండో సభలో మళ్లీ అదంతా మొదటి నుంచి జరుగుతుంది. చివరికి రాజు తరఫున గవర్నర్ జనరల్ ఒప్పుకుంటే అప్పుడది చట్టం.

"ఇది మా డ్రాయింగే బిడ్డా" అన్నాను. "రెవిజన్ జీరో కన్సల్టెంట్ కాడికి పోతది. ఎర్ర పెన్నుతోని గీకి పంపుతడు. రెవిజన్ వన్ పోతది. మల్ల గీకుతడు. ఆఖరికి ముద్ర."

"మరి సెనేట్ ఎవరు బాపూ?"

"క్లయింట్ ఆఫీసుల ఉండే ముసలాయన. అందరు ఓకే అన్నంక కూడ అద్దాలు పెట్టుకొని ఇంకోసారి చూస్తడు."

"గవర్నర్ జనరల్?"

"ముద్ర కొట్టేటోడు."

"పరీక్షల గిట్ల రాస్తే నాకు సున్నా పడతది" అని నవ్వింది. అయినా ఆ పాఠం మళ్లీ చదవాల్సిన అవసరం ఆమెకు రాలేదు. మంచి మార్కులే వచ్చాయి.

ఆ తర్వాత పాఠం పిల్లల నేరాల గురించి. పన్నెండేళ్లు నిండి పద్దెనిమిది నిండని వాళ్లకు ఆ దేశంలో వేరే చట్టం ఉంది. చిన్న తప్పయితే పోలీసులు కోర్టు దాకా లాగకుండా హెచ్చరించి వదిలేయవచ్చు. తప్పు ఎవరికి చేశారో వాళ్లను క్షమాపణ అడిగించవచ్చు. పిల్లవాడి నుంచి వాంగ్మూలం తీసుకోవాలంటే ముందుగా అతని హక్కులు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. లాయరుతోనూ, అమ్మానాన్నల్లో ఒకరితోనూ మాట్లాడుకోనివ్వాలి. వాళ్లు పక్కన ఉండాలని కోరుకుంటే ఉండనివ్వాలి. అలా చేయకపోతే ఆ వాంగ్మూలం చెల్లకుండా పోవచ్చు. నేను ఆ పేజీని రెండుసార్లు చదివాను. బాగా రాశారనిపించింది.

ఫిబ్రవరిలో మా అమ్మాయి లెక్కల పరీక్ష పేపరు ఫోటో తీసింది. హాజరు పుస్తకం ఇవ్వడానికి స్టాఫ్ రూమ్‌కు వెళ్తే, జిరాక్స్ మిషన్ మీద పేపరు బోర్లా పడి ఉందట. ఫోన్‌తో తీసి ఒక స్నేహితురాలికి పంపింది. పరీక్ష అయిపోయాక ఆ స్నేహితురాలి ఫోన్‌లో టీచరు దాన్ని చూసింది. మా అమ్మాయి తప్పు చేయలేదని నేను ఎవరితోనూ, ఎక్కడా అనలేదు. ఇంటికి రాగానే నా ముందు నిలబడి "తీసిన బాపూ" అని చెప్పింది. దాచలేదు.

నాకు కోపం తెప్పించింది తర్వాత జరిగింది. వైస్ ప్రిన్సిపాలూ, లెక్కల టీచరూ కలిసి ఆమెను రెండు పీరియడ్లు ఒక గదిలో కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగారు. పేజీన్నర రాయించుకుని సంతకం పెట్టించారు. ఆ సమయంలో వాళ్లమ్మ అదే బడిలో, రెండు గోడల అవతల, ఎవరి పిల్లలవో ముక్కులు తుడుస్తూ ఉంది. ఆమెకు కబురు పెట్టడానికి ఒక నిమిషం పడుతుంది. పెట్టలేదు. తల్లి పిల్లను చూసింది సాయంత్రం బస్సు ఎక్కేటప్పుడు.

అందుకే వెళ్లాను. అందుకే నలభై నిమిషాలు ఆ కుర్చీలో కూర్చున్నాను. వైస్ ప్రిన్సిపాల్ కెనడా నుంచే వచ్చిన ఆవిడ. నేను పాఠ్యపుస్తకం తీసి, గుర్తు పెట్టుకున్న పేజీ తెరిచి ఆవిడ బల్ల మీద పెట్టాను. ఆవిడ దాన్ని చూడలేదు, నన్ను చూసింది.

"ఇది కోర్టు కాదు. మేము పోలీసులం కాదు. పైగా మనం ఉన్నది ఒమన్‌లో. ఆ చట్టం ఇక్కడ వర్తించదు" అంది ఇంగ్లీషులో.

"వర్తించని దాన్ని నా బిడ్డ చేత ఎందుకు బట్టీ పట్టిస్తున్నారు?" అని అడిగాను.

ఆవిడ చిన్నగా నవ్వింది. "మీరు ఆఫీసులో కాగితాలు సర్దే పని చేస్తారు కదా. అర్థమైంది. కానీ ప్రతి విషయాన్నీ ఫైలులా చూస్తే మీకే కష్టం."

ఆ మాట నేను ఇంటికి వచ్చి తేదీ వేసి రాసి పెట్టుకున్నాను.

ఆవిడ చెప్పిన మిగతా మాటలు కూడా రాశాను, అన్యాయంగా మాట్లాడకూడదు కాబట్టి. ఆ పరీక్ష రద్దు చేసి తరగతి మొత్తానికి మళ్లీ పెడతారు. మా అమ్మాయికి అందులో సున్నా. టీచరుకు క్షమాపణ రాసి ఇవ్వాలి. అంతకుమించి ఏ రికార్డూ ఉండదు. పేపరు బయటికి వచ్చిందని మాత్రమే తరగతికి చెప్తారు, ఎవరు తీశారన్నది ఎప్పటికీ చెప్పరు. సంతకం పెట్టిన వాంగ్మూలం ఏడాది చివరిదాకా సొరుగులో ఉంటుంది, ఆ తర్వాత చింపేస్తారు.

ఇప్పుడే చింపమన్నాను. కుదరదంది.

తిరిగి వచ్చేటప్పుడు మా అమ్మాయి కారులో నా పక్కన కూర్చుంది. "బాపూ, ఒక్కటే అడుగుత" అంది. "క్లాసుల ఎవ్వరికి తెల్వద్దు. సున్నా అయితే అయింది. నా పేరు తెల్వద్దు అంతే."

"తెల్వది బిడ్డా. నేనున్న గదా" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. దాన్ని రాసి పెట్టుకోలేదు.

ఇంట్లో నా భార్యకు ఈ తీర్పు సరిపోయింది. "ఆ మేడం మాట మీద నిలబడుతాంది. పోరికి మచ్చ లేకుంట అయిపోతాంది. నువ్వు ఇగ ఊకో, దాన్ని గెలుకకు" అంది.

"నిన్ను పిలువకుంట సంతకం పెట్టించిన్రు. నీకు రోషం లేదా?"

"నాకు రోషం లేదనుకుంటున్నవా? రోజు అదే గేట్ల నుంచి పోయేది నేను. నీ రోషం కాయితం మీద, నాది కడుపుల. నువ్వు ఊకో."

నేను ఊరుకోలేదు. మొదటి ఉత్తరం వైస్ ప్రిన్సిపాల్‌కు రాశాను. అమ్మానాన్నలు లేకుండా తీసుకున్న వాంగ్మూలాన్ని వెంటనే వెనక్కి తీసుకోవాలని అడిగాను. రెండు వాక్యాల జవాబు వచ్చింది, విషయం ముగిసిందని. రెండో ఉత్తరం ప్రిన్సిపాల్‌కు రాశాను. పది రోజులు చూశాను. అందిందని కూడా చెప్పలేదు. పదిహేడేళ్లలో నేను పంపిన ఉత్తరాలకు కోపంగా జవాబిచ్చిన వాళ్లున్నారు, అబద్ధాలతో జవాబిచ్చిన వాళ్లున్నారు. అసలు లేనట్టు చూసింది మాత్రం ఈ బడే.

ఒక శుక్రవారం మధ్యాహ్నం, తిన్న తర్వాత, మూడో ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. రెండు గంటలు రాశాను. చట్టం ఎలా తయారవుతుందో, ఎన్ని చేతులు మారితే చట్టమవుతుందో, అంత కష్టపడి చేసిన చట్టాన్ని పిల్లలకు బోధిస్తూ అదే పిల్లల మీద దానికి ఎదురు నడవడం ఎలాంటిదో రాశాను. ఇప్పుడు చదివినా ఆ ఉత్తరంలో తప్పు మాట ఒక్కటి లేదు. జవాబు ఇవ్వకుండా ఎవరూ తప్పించుకోకూడదని ఈసారి కాపీల జాబితా పెద్దది చేశాను. బడి పాలకవర్గం సభ్యులు, తల్లిదండ్రుల కమిటీ, ఆ తర్వాత పదో తరగతి తల్లిదండ్రులంతా. వాళ్ల మెయిల్ అడ్రసులు నా దగ్గర ఉన్నాయి. మళ్లీ పరీక్ష పెడుతున్నామని బడి పంపిన మెయిల్‌లో ఒక్కటి కూడా దాచకుండా అన్నీ కనిపించేలా పెట్టారు. అది కూడా వాళ్ల తప్పేనని ఉత్తరంలో ఎత్తి చూపాను.

పైన 'విషయం' అన్న చోట, రోజూ ఆఫీసులో రాసినట్టే, మా అమ్మాయి పూర్తి పేరు, తరగతి, సెక్షన్, అడ్మిషన్ నంబరు రాశాను. అవి లేని ఉత్తరం ఏ ఫైలులోనూ చేరదు. నా వేళ్లు వాటంతట అవే రాశాయి. ఉత్తరం పంపాను. టీ పెట్టుకున్నాను. తేలికగా అనిపించింది.

మొదటి జవాబు టీ తాగుతుండగానే వచ్చింది. ఒక తండ్రి నాకు ఒక్కడికే కాకుండా జాబితాలోని అందరికీ పంపాడు. ఎవరి వల్ల మా పిల్లలు రెండుసార్లు పరీక్ష రాశారో ఇన్నాళ్లకు తెలిసింది, ధన్యవాదాలు అని రాశాడు. దాని కింద మరొకరు, ఆ అమ్మాయిని ఇంకా అదే తరగతిలో ఎందుకు ఉంచారని. ఇంకొకరు, తల్లి అక్కడే పనిచేస్తుంది కాబట్టి కప్పిపుచ్చారని. వాంగ్మూలం గురించి ఒక్కరూ ఒక్క మాట రాయలేదు. నేను ప్రతి జవాబూ కిందికి జరుపుతూ ఆ మాట కోసం వెతికాను.

మా అమ్మాయి లోపలి గది నుంచి వచ్చింది. చేతిలో ఫోన్ ఉంది. తరగతి పిల్లల గ్రూపులో నా ఉత్తరం అప్పటికే తిరుగుతోంది.

"ఇది నువ్వే పంపినవా?"

"వాళ్లు జవాబియ్యలేదు బిడ్డా. పెద్దోళ్లందరికి తెలిస్తే గాని..."

"వాళ్లు నా పేరు ఎవ్వరికి చెప్పలేదు బాపూ. నెల రోజులు చెప్పలేదు."

"తప్పు వాళ్లది. హక్కులు చెప్పకుంట సంతకం..."

"నేనేమన్న అడిగిన్నా సంతకం గురించి?" అంది. గొంతు పెంచలేదు. "నీ ఉత్తరానికి సెనేట్ లేదు. అమ్మకైన చూపెడ్తే అయిపోతుండె గదా."

తర్వాత పుస్తకం తెచ్చింది. నేను వైస్ ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టిన పుస్తకమే. నేను గుర్తు పెట్టుకున్న పేజీ దాటి రెండు పేజీలు తిప్పి, ఒక పేరా మీద వేలు పెట్టి, నా ముందు పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

తప్పు చేసిన పిల్లల పేరు గానీ, వాళ్లెవరో తెలిసిపోయే వివరం గానీ ఎవరూ బయటపెట్టకూడదని అక్కడ ఉంది. పత్రికలు అని లేదు, పోలీసులు అని లేదు. ఎవరూ అని ఉంది. కింద కొన్ని మినహాయింపులు ఉన్నాయి. కోర్టు వేసిన శిక్ష పెద్దదైనప్పుడు, ప్రమాదకరమైన వాణ్ణి పట్టుకోవాల్సి వచ్చినప్పుడు, ఆ మనిషే పద్దెనిమిది దాటాక తనంతట తాను చెప్పుకోదలచుకున్నప్పుడు. తండ్రికి ఏమైనా మినహాయింపు ఉందేమోనని చూశాను. లేదు.

ఆ పేరా నేను అంతకు ముందు చదివాను. ఆమెను ప్రశ్న అడిగి జవాబు కూడా చెప్పించుకున్నాను.

ఇక్కడ వారం మొదలయ్యేది ఆదివారం. ఆ రోజు బడికి వెళ్లింది. నేను వద్దన్నాను, అయినా వెళ్లింది. ఆమె బెంచీలో కూర్చునే ఇద్దరూ వేరే వరుసకు మారారని వాళ్లమ్మ చెప్పింది. మా అమ్మాయి నాతో చెప్పలేదు. బస్సులో పక్క సీటు ఖాళీగా ఉంటోందని కూడా వాళ్లమ్మే ఎక్కడి నుంచో తెలుసుకుంది. ఫోటో అందుకున్న స్నేహితురాలి ఇంట్లో వాళ్లు మా ఫోన్ ఎత్తలేదు. మూడో వారం నుంచి మా అమ్మాయి కడుపునొప్పి అని ఇంట్లోనే ఉండటం మొదలుపెట్టింది. డాక్టరుకు ఏమీ కనపడలేదు.

అజైబాలో ఒక కూరగాయల దుకాణంలో, అందరికీ జవాబు పంపిన ఆ మొదటి తండ్రి నాకు ఎదురుపడ్డాడు. గుంటూరు వైపు మనిషి, ఇంజనీరు. బెండకాయలు విరిచి చూస్తూ నన్ను గుర్తుపట్టాడు.

"ఏవండీ, మీరేనా ఆ ఉత్తరం రాసింది? భలే రాశారండీ ఇంగ్లీషు. మా ఆవిడకి కూడా చదివి వినిపించాను."

"మీరు అందరికీ జవాబు పంపకుండా ఉండాల్సింది" అన్నాను.

"అదేంటండీ! మీరు అందరికీ పంపితే నేను ఒక్కరికి ఎలా పంపుతాను? మర్యాద ఉండొద్దూ?" అని, దుకాణం వాడి వైపు తిరిగి బెండకాయలు ముదిరిపోయాయని హిందీలో కసిరాడు. "అయినా మా వాడు రెండోసారి ఇంకా మంచి మార్కులు తెచ్చుకున్నాడు లెండి, మీ అమ్మాయి పుణ్యమా అని."

ఆ మనిషిని నేను క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు. కానీ ముందు అందరికీ పంపింది నేనే.

ప్రిన్సిపాల్ పిలిచారు. ఈసారి నన్ను కూర్చోబెట్టలేదు, తిన్నగా లోపలికి పంపారు. వాంగ్మూలం అసలు కాగితం నా ఎదురుగానే చింపి, దాన్ని ఉపసంహరించుకున్నట్టు బడి ముద్రతో ఉత్తరం ఇచ్చారు. అమ్మానాన్నలకు తెలియకుండా ఇకమీద ఏ పిల్లల దగ్గరా సంతకం తీసుకోబోమని కూడా అందులో ఉంది. నేను అడిగిందంతా ఇచ్చారు. వైస్ ప్రిన్సిపాల్ గది మూల నిలబడి ఉంది. నేను బయటికి వెళ్లేటప్పుడు ఆవిడ ఒక్క మాటే అంది: "ఆ అమ్మాయి ఎలా ఉంది?" ఆ మాట వెటకారమో కాదో నేను చాలా రోజులు ఆలోచించాను. కాదనే అనుకుంటున్నాను. అయినా ఆవిడ మీద కోపం తగ్గలేదు, దాన్ని ఎటు పెట్టుకోవాలో తెలియకుండా పోయింది.

ఆ ఉత్తరం తెచ్చి మా అమ్మాయికి చూపించాను. "మంచిది బాపూ" అంది. చేతిలోకి తీసుకోలేదు.

నా భార్య మార్చి నెలాఖరున ఆ ఉద్యోగం మానేసింది. ఎవరూ మానమనలేదు. పిల్లలను దింపడానికి వచ్చే తల్లులు తన వైపు చూసే చూపు భరించలేకపోయానని చెప్పింది. ఏప్రిల్‌లో కొత్త తరగతులు మొదలయ్యే ఇండియన్ సిలబస్ బడి ఒకటి ఘుబ్రాలో ఉంటే అక్కడ సీటు అడిగాం. పదో తరగతిలో నేరుగా చేర్చుకోవడం కుదరదన్నారు. పబ్లిక్ పరీక్షకు పేరు తొమ్మిదిలోనే నమోదు కావాలట. తొమ్మిది మళ్లీ చదవాలి.

మా అమ్మాయి ఒప్పుకుంది. ఒక షరతు పెట్టింది. కాగితాల పని అంతా అమ్మ చూస్తుంది, బాపు లోపలికి రావద్దు. నాతో చెప్పలేదు, వాళ్లమ్మతో చెప్పింది, నాకు వినపడేలా.

అడ్మిషన్ రోజున నేను బండి నడిపాను. గేటు బయట ఆపితే ఇద్దరూ దిగి లోపలికి వెళ్లారు. నా భార్యకు ఇంగ్లీషు ఫారాలు నింపడం సరిగా రాదు. ఏ గడిలో ఏం రాయాలో, ఎక్కడ తప్పు పోతుందో నాకు తెలుసు. ఏసీ ఆపితే ఎండ, వేస్తే ఇంజను శబ్దం. వేసుకునే కూర్చున్నాను. గంటకు పైగా పట్టింది. తొమ్మిదో తరగతి యూనిఫాం కొలతల చీటీ పట్టుకుని వచ్చారు. మా అమ్మాయి వెనక సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది.

"పాత బడి ఎందుకు ఇడిసిపెట్టిన్రని అడిగి ఉంటరు గదా. ఏం రాసిన్రు?" అని అడిగాను.

అద్దంలో ఆమె నా వైపు చూడలేదు. నా భార్య ఫైలు మూసి ఒళ్లో పెట్టుకుంది.

"ఏదో రాసినం. నువ్వు రోడ్డు చూసి నడుపు" అంది.